సాము విద్య – ఇంటి అభ్యాసము

ఈ సంవత్సరము మన పాఠశాలలో వారమునకు రెండు సాయంకాలములు కరాటే తరగతి జరుగుచున్నది. 40 మంది బాలబాలికలు చేరియున్నారు. తరగతి ముగియగానే తెల్లని యుడుపులు మడిచి సంచిలో వైచుకొని పోయి, మఱల తరగతి దినము వచ్చువఱకు ఆ సంచి ముడి విప్పనివారే వారిలో పెక్కుమంది. ఇంట నేల యభ్యసింపరని మేము పలువురను ప్రశ్నించితిమి. చోటు చాలదని కొందఱు, తండ్రి నైటు షిఫ్టునకు పోయి వచ్చి పగలు నిద్రించునని కొందఱు, పరీక్షలు సమీపించినవని కొందఱు చెప్పిరి. ఒక బాలిక మాత్రము "మా యమ్మ వలదన్నదండి" అని తలవంచుకొనెను. ఇవన్నియు నిజమైన కారణములే. కాని తఱచుగా వినవచ్చిన సమాధానము వేఱొకటి. "మాస్టరుగారు చూడకుండ చేసినచో తప్పులు వచ్చునండి. గురువులేని విద్య గుడ్డివిద్య యని మీరే చెప్పితిరి గదా" అని యొక చురుకైన విద్యార్థి మా మాటను మాకే యప్పగించెను.

ఆ సమయమున అతనికి చెప్పదగిన ప్రత్యుత్తరము మాకు తోపలేదు. ఆ ఋణము తీర్చుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట లెక్క చూతము. తరగతి ఒక గంట. అందు 40 మంది. మాస్టరుగారు ఒక్క నిమిషమైనను వృథాపుచ్చక అందఱిని సమానముగా చూచినను, ఒక్కొక్కరికి వచ్చునది నిమిషమున్నర. వరుసలు తీర్చుటకును, వందనమునకును, ఆలస్యముగా వచ్చినవారిని మందలించుటకును పోయిన కాలమును తీసివేసినచో ఆ నిమిషమున్నరయు మిగులదు. వారమునకు రెండు గంటల చొప్పున సంవత్సరములో 40 వారములు తరగతి జరిగినదనుకొందము. మొత్తము 80 గంటలు. ఇంటియొద్ద దినమునకు పావుగంట చొప్పున 300 దినములు చేసినవానికి 75 గంటలు చేకూరును. అనగా పావుగంట యని చులకనగా చూచెడి యా కాలము, ఇంచుమించుగా మఱియొక సంవత్సరపు తరగతియే యగుచున్నది. దానికి రుసుము లేదు, బస్సు కొఱకు నిరీక్షణము లేదు.

అయినను లెక్క యొక్కటియే వాదమును గెలువజాలదు. గంటలు కూడినంత మాత్రమున విద్య కూడదు. ఆ విద్యార్థి చెప్పిన సామెతలో నిజమున్నది. దానిని మేము స్వానుభవముచేత ఎఱుగుదుము. మేము యౌవనమున కరాటే నేర్చుకొను దినములలో, ఒకానొక వేసవియందు మాస్టరుగారు స్వగ్రామమునకు పోగా, రెండునెలలు ఇంటి డాబామీద మహోత్సాహముతో సాధన చేసితిమి. ముందుకాలు వంచి వెనుకకాలు చాచి నిలుచు నిలకడ మాకు మిక్కిలి ప్రియమైనది. అది చూచువారికి వీరోచితముగా కనబడును. మాకును అట్లే కనబడినది. వేసవి ముగిసిన పిదప మాస్టరుగారు మమ్ము చూచి చాలసేపు మాటాడలేదు. ముందు మోకాలు బొటనవ్రేలికి సూటిగా నుండవలసినది లోపలికి వ్రాలియుండెను. వెనుకకాలి మడమ నేలనంటవలసినది పైకి లేచియుండెను. దినదినమును శ్రద్ధగా చేసినందున ఆ తప్పు ఎముకలలో నాటుకొనినది. సోమరులైన మా సహపాఠులకు ఆ నిలకడ రాలేదు. మాకు తప్పుగా వచ్చినది. వారికి నేర్పుట సులువయ్యెను గాని, మాచేత మఱపించుటకు మూడునెలలు పట్టెను.

కాబట్టి సామెతను మేము త్రోసివేయము. కాని దానినుండి "ఇంట చేయరాదు" అను సిద్ధాంతము రాదు. "నేర్పనిదానిని, దిద్దనిదానిని ఇంట చేయరాదు" అను నియమము మాత్రమే వచ్చును. ఈ రెంటికిని గల భేదమును మన పిల్లలు గ్రహింపవలెనని మా కోరిక.

మహాభారతమున ఆదిపర్వములో ఈ విషయమునకు చక్కని నిదర్శన మున్నది. ఒకనాటి రాత్రి అర్జునుడు భుజించుచుండగా గాలికి దీప మాఱిపోయెను. చీకటిలోనే అతని చేయి తడబడక నోటికి పోయెను. అలవాటు చేతనే గదా చేయి దారి యెఱిగినదని అతడు తలపోసి, ఆ రాత్రినుండియే చీకటిలో విల్లు పట్టి సాధన చేసెను. అల్లెత్రాటి మ్రోత విని ద్రోణుడు వచ్చి, శిష్యుని కౌగిలించుకొనెను. ఆ రాత్రి అర్జునుడు క్రొత్త విద్య యేదియు కనిపెట్టలేదు. పగలు ద్రోణుడు నేర్పినదానినే రాత్రి తనదిగా చేసికొనెను. ఆ పర్వమునందే ఏకలవ్యుడును ఉన్నాడు. గురువు నిరాకరింపగా మట్టిబొమ్మ నెదుట నిలిపికొని విద్య సాధించిన మహానుభావుడతడు. ఆ వ్రేలి కథలోని న్యాయాన్యాయములు చర్చించుటకు ఇది తావు గాదు. ఏకలవ్యునివంటివాడు యుగమునకొకడు పుట్టును. మన 40 మందిలో అట్టివాడున్నచో సంతోషమే. తక్కినవారికి మాత్రము అర్జునుని మార్గము క్షేమకరము.

నేడు చేతిలోని సెల్‌ఫోనే చాలమందికి ఆ మట్టిబొమ్మ యైనది. దానిలోని వీడియో చూచి ఎగిరి తన్నుట నేర్చినామని చెప్పువారు మాకు తఱచుగా తటస్థపడుచుందురు. మట్టిబొమ్మకును వీడియోకును ఒక పోలిక గలదు: రెండును శిష్యుని చూడజాలవు. నీ మడమ లేచినదని అవి చెప్పవు.

మన ప్రాంతమువారికి ఇట్టి సాధన క్రొత్తది గాదు. కరాటే, తైక్వాండో అను మాటలు మన చెవిని పడక మునుపే సాముగరిడీలు, కఱ్ఱసాము, కత్తిసాము, మల్లయుద్ధము మన యూళ్లలో నుండెను. పండుగ ఊరేగింపులలో కఱ్ఱసాము చూచి నేటికిని పిల్లలు నోళ్లు తెఱచి నిలుచుచున్నారు. తాలింఖానాలో వస్తాదు పట్టు చూపెడివాడు. ఆ పట్టునకు వలయు బలమును శిష్యుడు తెల్లవాఱుజామున లేచి దండీలు, బస్కీలు తీసి సంపాదించుకొనెడివాడు. వస్తాదు ఎదుట నుండుట కొంతసేపే. కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని తెలుగు విద్యార్థి యుండడు. వీరఘట్టమున జనించి, విజయనగరములో పినతండ్రియింట పెరిగి, అచటి తాలింఖానాలో దేహమును వజ్రసమానముగా చేసికొనిన మహాబలుడాయన. ఇనుపగొలుసులు తెంచుటయు, ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొనుటయు జనులు చెప్పుకొందురు. ఆయన 1942లో కీర్తిశేషుడైనను ఆ కథలు నిలిచియున్నవి. కాని ఆయన చెన్నపట్టణము సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, తిరిగివచ్చి విజయనగరములో బాలురకు వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసిన సంగతి జనులు చెప్పుకొనరు. ఏనుగు కథయందున్న రుచి డ్రిల్లు మాస్టరు కథయందు లేదు కాబోలు. మాకు మాత్రము రెండవదియే ముచ్చటగా నున్నది.

ఇక కరాటేకు పుట్టినిల్లయిన ఒకినావా ద్వీపపు సంగతి. ఇటోసు అను నాచార్యుడు దానిని 1901 ప్రాంతమున అచటి పాఠశాలలలో ప్రవేశపెట్టెను. 1908లో ఆయన విద్యాధికారులకు వ్రాసిన లేఖలో, ఈ విద్య త్వరగా వచ్చునది కాదనియు, దినమునకొక గంటయో రెండు గంటలో చొప్పున మూడు నాలుగేండ్లు చేసినవాని దేహము ఇతరుల దేహమువలె నుండదనియు తెలిపెను. ఆయన శిష్యుడు ఫునకోషి వృత్తిచేత బడిపంతులు. పగలు పిల్లలకు పాఠములు చెప్పి, రాత్రి లాంతరు పట్టుకొని అజాటో అను మఱియొక గురువు ఇంటికి పోయెడివాడు. తెల్లవాఱుజామున ఇల్లు చేరు ఈ పంతులును చూచి ఇరుగుపొరుగువారు అతడు చెడ్డతావులకు పోవుచున్నాడని యనుమానపడిరట! అతడు ఆ పెరటిలో చేసినదేమి? ఒకే కటాను వారములు, నెలలు, గురువు చాలుననువఱకు మఱల మఱల చేయుటయే. టెక్కి యను పేరుగల మూడు కటాలకు పదేండ్లు పట్టినదని ఆయన తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను.

మన పిల్లలు మూడునెలలకొక రంగు బెల్టు కోరుచున్నారు. పిల్లలకన్న వారి తల్లిదండ్రులు ఎక్కువగా కోరుచున్నారు. జూడో స్థాపించిన కానో మహాశయుడు 1882లో ఒక దేవాలయమున పండ్రెండు చాపలు పట్టు గదిలో తన శిక్షణశాలను ఆరంభించినప్పుడు ఈ రంగులు లేవు. ఇవి తరువాతి కాలమున ఐరోపాఖండములో జూడో నేర్పినవారివలన వ్యాప్తిలోనికి వచ్చినవి. రంగు బెల్టు పిల్లవానికి ఉత్సాహమిచ్చుననుటలో సందేహము లేదు. అయితే బెల్టు పరీక్షకు ముందటి వారమున మాత్రమే ఇంట సాధన చేయుట, తిరునాళ్లకు ముందు ఇల్లు సున్నము కొట్టించుటవంటిది.

ఇంట చేయదగినదేది, చేయరానిదేది యని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. చేయరానిది ముందు చెప్పెదము. ఒకరినొకరు పడవేయుట, కీళ్లు మెలిపెట్టుట, పందెము కట్టి తలపడుట, పెంకులు పగులగొట్టుట, పిడికిలి గట్టిపడుటకై గోడను గుద్దుట – ఇవి ఇంట పనికిరావు. జూడోవారు పడవేయుటకన్న ముందు పడుట నేర్పుదురు. దానికి మెత్తని చాప కావలెను, చూచుచుండు పెద్ద కావలెను. మన యిండ్లలోని టైల్సు నేల పడువానిని మన్నింపదు. మేమెఱిగిన యొక యింట అన్న తమ్మునిపై క్రొత్తగా నేర్చిన పట్టును ప్రయోగింపగా, తమ్ముని మణికట్టు విఱిగి ఆఱు వారములు కట్టుతో నుండెను. అన్న దుష్టుడు గాడు. తరగతిలో అప్పుడే మెప్పు పొందిన బాలుడు. ఇంట చూపుటకు మఱెవ్వరును దొరకలేదు, అంతే. ఎదుగుచున్న వయసులో పిడికిలి యెముకలను గోడకు కొట్టి గట్టిపఱచుకొనవలెనను వెఱ్ఱియు అట్టిదే.

చేయదగినవి ఇంతకన్న సాదాయైనవి: నిలకడలు, అడుగులు, పిడికిలి చాచుట ముడుచుట, నేర్చిన కటాను మెల్లగా నడిపించుట, కాళ్లు చాచి సాగదీయుట. మెల్లగా నను మాట మఱవరాదు. ఎదుట ఆనునదేదియు లేనప్పుడు బలముకొలది గాలిలోనికి తన్నినచో ఆ వేగమంతయు మోకాలి కీలుమీదనే పడును. గుద్దు విషయమున మోచేతికిని అంతే. పౌలు అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో గాలిని కొట్టు పోరాటగాని పోలిక తెచ్చి, తాను అట్లు పోరాడుట లేదని చెప్పిన భాగము మన బైబిలు తరగతిలో చదివిన వెంటనే, ఒక కొంటె బాలుడు "ఇంటి సాధన యంతయు గాలిని కొట్టుటయే గదండి?" అని యడిగెను. పౌలు గుఱిలేని దెబ్బను గూర్చి చెప్పెను. గుఱి తెలిసినవాడు మెల్లగా చేయి చాచి, పిడికిలి ఎచట నిలిచినదో చూచుకొనుట వేఱు. ఏమైనను ఆ బాలుడు పాఠము విన్నాడని మాకు తెలిసినది. అది యొక లాభము.

తప్పు నాటుకొనకుండ నుండుటకు మేము కనుగొనిన యుపాయమొకటి గలదు. తరగతిలో మాస్టరుగారు మీలో దిద్దిన యొక్క లోపమును – ఒక్కదానినే – చిన్న పుస్తకములో వ్రాసికొని, తరువాతి తరగతివఱకు ఇంట దానినే చూచుకొనుడు. మోకాలు లోపలికి వ్రాలుచున్నదన్నచో ఆ నాలుగు దినములును మోకాలిపైననే దృష్టి. తరగతికి వచ్చి "దిద్దుకొంటినేమో చూడుడు" అని యడుగుడు. మాకు ఆ వేసవిలో ఈ మాట చెప్పినవారుండినచో మూడునెలలు మిగిలియుండెడివి.

చోటు లేదను వారి మాట నిజమే. మన పట్టణములో ఇంటి సాధనకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని గలవు. 1933లో ఓడరేవు తెఱవబడిన నాటనుండియు, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము వచ్చిన పిదప మఱింతగాను, ఇచటి సంసారములు షిఫ్టులనుబట్టి నడుచుచున్నవి. మండుచున్న బ్లాస్టు ఫర్నేసును రాత్రి యని చల్లార్చుటకు వీలులేదు. దానియొద్ద రాత్రియంతయు నిలిచినవాడు పగటివేళ నిద్రింపవలసినదే. అట్టి యింట పిల్లవాడు "హాయ్" అని కేకవేసి కాలు నేలకు తాటించినచో తండ్రి లేచివచ్చి ఆ విద్యను ఆనాటితోనే ముగించును. ఆయనను మేము తప్పుపట్టము. క్రింది అంతస్తువారి యోపికకును హద్దు గలదు. అయితే మెల్లగా చేయు సాధనకు చప్పుడుండదు. వట్టి కాళ్లతో, నోరు మూసికొని, ఊపిరి మాత్రము వినబడునట్లు కటా నడపుట కేక వేయుటకన్న కష్టము. చేసి చూచినవారికి తెలియును.

చోటునకు వత్తము. ఫునకోషి పదేండ్లు చేసిన ఆ టెక్కి కటాలు అటునిటు ఒకే గీతమీద ప్రక్కలకు నడుచునవి. ముందుకు వెనుకకు పోవలసిన పనిలేదు. మంచమునకును గోడకును నడుమ నున్న సందు, వంటింటి వసారా, మేడమెట్ల యెదుటి తావు – వీనిలో నేదైనను వానికి చాలును. డాబామీద చేయువారు పిట్టగోడకు దూరముగా నుండవలెను. సముద్రతీరమున ఇసుకలో చేయుట మనోహరమే. కాలిమడమలకు బలము కూడ. కాని ఇసుకలో పాదము దిగబడుటచే నిలకడలోని లోపములు కానరావు. మన యూరి గాలిలోని తేమకు చెమట ఆఱదు. నేలమీద పడిన చెమట తుడువక అడుగు వేసినవాడు జాఱును. వేసవిలో సూర్యోదయమునకు ముందే ముగించుకొనుట మేలు.

ఇక ఆ బాలిక చెప్పిన మాట. "మా యమ్మ వలదన్నది." మేము వ్రాయదలచిన దంతయు నిజముగా ఈ మాటచుట్టునే తిరుగుచున్నది. ఆ తల్లి కుమార్తెకు కరాటే తరగతి రుసుము చెల్లించుచున్నది. ఏలయన, కాలము మంచిదిగాదు, పిల్ల తన్ను తాను కాపాడుకొనవలెను. అదే తల్లి, ఇంట పిల్ల కాలు చాచినచో ప్రక్కింటివారేమనుకొందురో యని వెఱచుచున్నది. ఆపద వచ్చిన నాడు పనికిరావలెననుకొనెడి విద్య, ఆపద లేని నాళ్లలో కంటికి కనబడరాదనుట ఎట్లు పొసగును? సమగ్రశిక్షా పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలలో ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు గల బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరట మూడునెలల ఆత్మరక్షణ శిక్షణ నిచ్చు ఏర్పాటు గలదు. మంచి ఏర్పాటే. కాని మూడునెలలు ముగిసిన మఱునాడు ఆ బాలిక ఏమి చేయవలెను? ఇంట కొనసాగింపనిచో మఱుసటి మూడునెలలలో దేహము దానిని మఱచును. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తి కంచుపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతస్త్రీ యామె. ఆమె తల్లి ప్రక్కింటివారి మాట వినినచో ఆ పతకము వచ్చియుండెడిది గాదు.

కరాటే వచ్చిన పిల్లకు ఇక భయమే లేదని మేము చెప్పబోము. అట్లు చెప్పుట మోసము. బలవంతుడు మీదికి వచ్చినప్పుడు మొదటి రక్షణ అఱచుట, రెండవది పరుగెత్తుట. చేయి చేసికొనుట చివరిది. కాని దినదినము తన పాదములపై గట్టిగా నిలుచుట కలవాటుపడిన బాలిక అఱచుటకును పరుగెత్తుటకును ఇతరులకన్న త్వరగా సంసిద్ధురాలగును. కొయ్యబాఱి నిలిచిపోదు. మగపిల్లల తల్లిదండ్రుల భయము దీనికి విరుద్ధమైనది: సాధన చేసినచో వీడు రౌడీ యగునని. మాకు గల యనుభవములో వీథిలో చేయి చేసికొనువాడు నాలుగు దెబ్బలు నేర్చి నలుగురికి చూపగోరువాడు. దినమును ఎవ్వరును చూడనిచోట పావుగంట శ్రమించువానికి చూపవలెనను దాహము తగ్గును. సంగీతము నేర్చువాని యింట ఉదయమున సరళీస్వరములు వినబడిన ఇరుగుపొరుగువారు మెచ్చుకొందురు గదా. దేహమునకు మాత్రము సరళీస్వరములు వలదా?

తల్లిదండ్రులను మేము అడుగునది పావుగంట కాలమును, ఆఱడుగుల నేలయును మాత్రమే. ఆ యాఱడుగులును లేని యిండ్లు మన పాఠశాలలో ననేకము గలవని యెఱుగుదుము. ఒకే గదిలో ఐదుగురు నిద్రించు సంసారములు మాకు తెలియును. అట్టివారికొఱకు మేము ప్రధానోపాధ్యాయులవారిని ఒక మనవి చేసికొనియున్నాము. వ్యాయామశాల వెనుక తూర్పువరండా ఉదయము మొదటి గంట కొట్టువఱకు ఖాళీగా నుండును. అచట నేల నున్నగా నున్నది, నీడయు గలదు, తలుపు లేదు కనుక తాళపుచెవి చిక్కును లేదు. ఒక్క షరతుతో వారు సమ్మతించిరి: పెద్దవారొకరు దగ్గఱ నుండవలెను. వేసవి సెలవుల పిదప పాఠశాల తెఱచిన దినమునుండి ఉదయము 7 గంటలకు మేమచట నుందుము. ఆ సామెత చెప్పిన విద్యార్థియు, తలవంచుకొనిన బాలికయు వత్తురని ఎదురుచూచుచున్నాము. ఆమె తల్లిగారు కూడ వచ్చి చూడదలచినచో ఆమె కొఱకు కుర్చీ వేయింతుము.